ప్రాసెసర్ బాగానే ఉంది, స్పీకర్ సంగతే చూసుకోవాలి

మొన్న పాతపట్నం నుంచి ఒక కుర్రాడు గిటార్ ప్రాసెసర్‌ని, అంటే రకరకాల యాంప్‌ల సౌండుని నకలు తీసే డబ్బాని, సంచీలో పెట్టుకుని బండి మీద మా ఇంటికొచ్చాడు. చర్చిలో గిటార్ వాయిస్తాడు. "అన్నా, హెడ్‌ఫోన్స్‌లో వింటే అదిరిపోతోంది, యాంప్‌కి పెడితే చండాలంగా ఉంది, పీస్ తేడా కొట్టిందేమో, రిటర్న్ పెట్టేయనా?" అన్నాడు. వద్దన్నాను. నాలుగేళ్ల కిందట నేనూ ఇదే అనుకుని, నిజంగానే రిటర్న్ పెట్టి, ఇంకో కంపెనీది తెప్పించుకుని, అదీ అచ్చం అలాగే మోగాక అప్పుడు తీరిగ్గా కూర్చుని ఆలోచించినవాణ్ణి. డ్రమ్ములో తుమ్మెదని వేసి మూత పెడితే ఎలా ఉంటుందో అలా ఉండేది ఆ సౌండు.

మాది పర్లాకిమిడి. పదడుగుల గది, పైన ఇంటి ఓనరు పిన్నిగారు, పక్కన గోడకి అవతల పదో తరగతి చదివే పిల్ల. ఇక్కడ మానిటర్ స్పీకర్లు, అంటే స్టూడియోల్లో వాడేవి, పెట్టి వినిపించే షాపు నాకైతే దొరకలేదు, విశాఖపట్నం వెళ్లి వినాలి లేదా కళ్లు మూసుకుని ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టాలి. అందుకే డబ్బులు పెట్టే ముందే తెలుసుకోవాల్సినవి కొన్ని రాస్తున్నాను. ఇంగ్లీషులో డిజిటల్ మోడలర్ అంటారు గానీ మనవాళ్ల నోట్లో అది ప్రాసెసరే కాబట్టి నేనూ అలాగే అంటాను.

అసలు గొడవంతా ఎక్కడుందో ముందు చెప్తాను. గిటార్ యాంప్‌లో ఉండే స్పీకర్ పాటలు వినే స్పీకర్ లాంటిది కాదు. 5 వేల హెర్ట్జ్ దాటాక అది దాదాపు చేతులెత్తేస్తుంది, కింద 80 హెర్ట్జ్ దగ్గర్నుంచే తగ్గుతుంది, మధ్యలో కొన్నిచోట్ల తనంతట తనే పైకి లేస్తుంది. డిస్టార్షన్‌లో చెవిని గీరే గరగర ఎక్కువగా ఆ పైభాగంలోనే ఉంటుంది, దాన్ని ఆ స్పీకర్ వడకట్టేయబట్టే రాక్ గిటార్ అంటే మనకి అలవాటైన సౌండ్ వచ్చింది. ప్రాసెసర్ తయారుచేసేవాళ్లకి ఈ సంగతి తెలుసు. అందుకే యాంప్‌తో పాటు ఆ స్పీకర్ బాక్సునీ, దాని ముందు పెట్టే మైకునీ కూడా నకలు తీసి లోపలే పెట్టేశారు. మెనూలో క్యాబ్ అనో ఐఆర్ అనో కనిపించేది అదే. అంటే జాక్‌లోంచి బయటికొచ్చేసరికే టీ వడకట్టి ఉంది. దాన్ని పట్టుకెళ్లి మళ్లీ గిటార్ యాంప్‌కి పెడితే వడకట్టిన టీని ఇంకోసారి వడకట్టినట్టే, పైగా ఆ యాంప్ తన రంగు కూడా కొంచెం పూస్తుంది.

కాబట్టి మనకి కావాల్సింది తన సొంత కవిత్వం కలపని స్పీకర్. లోపలికి ఏది వస్తే బయటికి అదే చెప్పాలి. స్టూడియో మానిటర్లు ఆ పనికే పుట్టాయి, ఎఫ్ఆర్ఎఫ్ఆర్ (ఫుల్ రేంజ్, ఫ్లాట్ రెస్పాన్స్) అని అమ్మే స్టేజి బాక్సులదీ అదే లెక్క. ఈ ముక్క బుర్రలో పెట్టుకుంటే సగం ప్రకటనలు చదవక్కర్లేదు.

ఇంట్లో ఇప్పటికే గిటార్ యాంప్ ఉంటే దాన్ని అమ్మేయాలనేం లేదు. వెనక ఎఫెక్ట్స్ రిటర్న్ అని జాక్ ఉందేమో చూడండి. ఉంటే ప్రాసెసర్ అవుట్‌పుట్ అక్కడ పెట్టి, ప్రాసెసర్‌లో క్యాబ్ ఆఫ్ చేయండి. అప్పుడు యాంప్ ముందుభాగం పక్కకి తప్పుకుంటుంది, వడకట్టే పని దాని స్పీకర్ ఒక్కటే చేస్తుంది. పాతపట్నం కుర్రాడి యాంప్ చిన్నది, దానికి ఆ జాక్ లేదు. క్యాబ్ ఆఫ్ చేసి, క్లీన్ ఛానెల్లో పెట్టి, టోన్ నాబ్‌లు తిప్పి తిప్పి ఒకచోట ఆపాం. గొప్పగా ఏం లేదు గానీ తుమ్మెద మాత్రం బయటికెళ్లింది. స్పీకర్ కొనేదాకా అలా లాగించమన్నాను.

ఇక కొనకూడనివి. అందరికంటే ముందు బ్లూటూత్ స్పీకర్. చాలావాటిలో తీగ మీటాక సౌండ్ రావడానికి 100 మిల్లీసెకన్లు దాటిపోతుంది, కొన్నింట్లో 200 దాకా పోతుంది. సౌండ్ గాల్లో సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళ్తుంది, ఆ లెక్కన 100 మిల్లీసెకన్లంటే యాంప్‌ని 34 మీటర్ల అవతల, వీధి చివర పెట్టి ఇక్కడ కూర్చుని వాయిస్తున్నట్టు. తాళం ఎప్పటికీ కుదరదు, తప్పు మీ చేతిదని మీరు తిట్టుకుంటారు. ప్రాసెసర్‌లో బ్లూటూత్ ఉందని మురిసిపోకండి, అది సాధారణంగా ఫోన్లోంచి బ్యాకింగ్ ట్రాక్ వేసుకోవడానికే, గిటార్‌ని బయటికి పంపడానికి కాదు.

హోమ్ థియేటర్ సంగతి కొంచెం వేరు. ఇంట్లో 2.1 సెట్ ఉంటే ఆక్స్ వైరుతో కలుపుకుని నేర్చుకోవడానికి వాడుకోండి, ఎవరూ కాదనరు. దాని కోసమే కొత్తగా కొనకండి. సబ్‌వూఫర్ ఒకే గొంతుతో బుమ్‌బుమ్మంటుంది, పక్కనుండే చిన్న బాక్సులు కీచుమంటాయి, గిటార్ ప్రాణం ఉండే మధ్యభాగం ఆ రెండింటి మధ్యా పడిపోతుంది. అలాగే మైక్‌సెట్ షాపువాళ్ల దగ్గర పాత 15 అంగుళాల బాక్స్ చవగ్గా వస్తుందని ఎవరో ఒకరు చెప్తారు. వినాయక చవితి పందిట్లోనో మెలోడీ పార్టీ స్టేజి మీదో దాని మోత దానికుంది. మూడడుగుల దూరంలో కూర్చుని సన్నటి వాల్యూమ్‌లో వింటే మాత్రం పై శబ్దాలు పలికే హారన్ ఒకవైపు, కింది శబ్దాలు పలికే వూఫర్ ఒకవైపు వేరువేరుగా వినిపిస్తాయి, ఇద్దరూ మాట్లాడుకోని అన్నదమ్ముల్లా.

మానిటర్లలో ఏ సైజు? గిటార్‌లో అన్నిటికంటే కిందున్న ఆరో తీగ ఓపెన్‌గా 82 హెర్ట్జ్. 5 అంగుళాల వూఫర్ ఉన్నవి ఆ కిందకి సులువుగా వెళ్తాయి, యమహా హెచ్ఎస్5 కాగితం మీద 54 నుంచి, జేబీఎల్ 305పీ మార్క్ 2 అయితే 43 నుంచి మొదలవుతాయి. ప్రీసోనస్ ఈరిస్ 3.5 లాంటి చిన్నవి 80 దగ్గర మొదలవుతాయి, అంటే ఆరో తీగ సరిగ్గా గుమ్మంలో నిలబడ్డట్టు. నా మాట ఏంటంటే పదడుగుల గదికి 5 అంగుళాలు చాలు, టేబుల్ మరీ చిన్నదైతే, లేకపోతే బడ్జెట్ అక్కడితో ఆగిపోతే 3.5తో సరిపెట్టుకోవచ్చు, 8 అంగుళాల జోలికి మాత్రం వెళ్లకండి. పెద్ద వూఫర్ కొంటే పెద్ద సౌండ్ వస్తుందనుకుంటాం, చిన్న గదిలో పెద్ద తలనొప్పి వస్తుంది. వాట్ల గురించి కూడా కంగారు పడక్కర్లేదు. వాట్లు రెట్టింపు చేస్తే పెరిగేది 3 డెసిబెల్లే, వాల్యూమ్ నాబ్‌ని కొంచెం జరిపినంత. ఇంట్లో మీరు వాడేది ఒకటో రెండో వాట్లు, మిగతావి డబ్బా మీద అంకెలు.

కొనేటప్పుడు చాలామంది బోల్తా పడేది ధర దగ్గర. పైన చెప్పిన 5 అంగుళాలవి సాధారణంగా విడివిడిగా అమ్ముతారు, ఫోటోలో మాత్రం రెండు కనిపిస్తాయి. ఈరిస్ 3.5 లాంటివి జతగా వస్తాయి. కాబట్టి ఆర్డర్ పెట్టే ముందు 'ఒక్కటా, జతా' అన్నది చదువుకోండి. డబ్బులు చాలకపోతే రెండు నాసిరకంవి కొనే బదులు ఒక్క మంచిది కొని, ప్రాసెసర్ ఎడమ జాక్‌లో, అంటే మోనో అని రాసున్నదాంట్లో పెట్టుకుని వాయించండి, గిటార్‌కి ఒక్కటీ చాలు. రెండోది బోనస్ వచ్చాక. నేను అలాగే చేశాను, ఏడాది పాటు ఒంటి స్పీకరే.

ఇంకోటి, ఇది మన ఇళ్లలో మరీ జరుగుతుంది. అమెరికాలో ఉన్న బావగారో తమ్ముడో వస్తూ తెస్తానంటాడు. చాలా మానిటర్లు ఏ దేశానికి ఆ వోల్టేజీకే తయారవుతాయి, అక్కడివి 120 వోల్టులవి. వెనక స్టిక్కర్ చూడకుండా మన 230లో గుచ్చితే ఫ్యూజుతో పోతే అదృష్టం. స్టిక్కర్ ఫోటో తీసి పంపమని ముందే అడగండి, మొహమాటపడకండి.

స్పీకర్ వచ్చింది, టేబుల్ మీద పెట్టారు, ఆన్ చేశారు, బాగాలేదు. నూటికి నూరు మందికీ ఇదే అనుభవం అనను గానీ నాకు మాత్రం ఇదే. మూలకి ఆనించి పెట్టాను, బేస్ ఉప్పెనలా వచ్చింది. గోడ దగ్గర, అందులోనూ మూలలో, కింది శబ్దాలు గోడకి తగిలి తిరిగొచ్చి కలిసి ఉబ్బిపోతాయి. జానెడో రెండు జానెళ్లో ముందుకి జరిపితే తేడా వెంటనే తెలుస్తుంది. జరపడానికి జాగా లేకపోతే చాలా మానిటర్ల వెనక రూమ్ కంట్రోల్ అనో బౌండరీ అనో చిన్న స్విచ్ ఉంటుంది, దాన్ని మైనస్ వైపు పెట్టండి, అది పెట్టింది అందుకే.

అయినా నాకు ఐదో తీగ ఒక్కటి ఓపెన్‌గా మీటితే మాత్రం గది మొత్తం బొయ్యిమనేది. పక్క ఫ్రెట్‌లు బుద్ధిగానే ఉండేవి. స్పీకర్ లోపమనుకున్నాను. తర్వాత టేపు పెట్టి కొలిస్తే గది పొడవూ వెడల్పూ దాదాపు పదడుగులే, ఎత్తు కూడా ఇంచుమించు అంతే. ఎదురెదురు గోడల మధ్య సౌండ్ అటూ ఇటూ కొట్టుకుంటూ కొన్ని స్వరాల దగ్గర ఆగకుండా నిలబడిపోతుంది. పదడుగులకి లెక్క వేస్తే మొదటిది 56 హెర్ట్జ్, రెండోది 112. ఐదో తీగ 110! నా కుర్చీ ఏమో సరిగ్గా గది మధ్యలో, ఆ 112 గట్టిగా వినపడే చోట. కుర్చీని వెనక్కి రెండున్నర అడుగులు, అంటే గదిలో పావు వంతు దగ్గరికి జరిపి కూర్చున్నాను. ఆ బొయ్యిమనడం చాలావరకు పోయింది. పైసా ఖర్చు లేదు. మీ గది వేరే కొలతలుంటే మీకు వేరే తీగ మోగుతుంది, కుర్చీ జరుపుతూ ఒకే స్వరం వాయిస్తూ చూసుకోండి. పొడవూ వెడల్పూ ఎత్తూ ఒకటే అయిన గది దీనికి అన్నిటికంటే పాడు రకం, మూడు దిక్కులా ఒకే స్వరం దగ్గర ఇరుక్కుంటుంది.

ఎత్తు కూడా ముఖ్యమే. ట్వీటర్, అంటే పై శబ్దాలు పలికే చిన్న స్పీకర్, చెవి ఎత్తులో ఉండాలి, రెండు స్పీకర్లుంటే వాటికీ మీ తలకీ మధ్య మూడు వైపులా ఒకే దూరం ఉండేలా. స్టాండ్లు లేకపోతే ఇటుకల మీద పాత చెప్పుల రబ్బరు ముక్కలు వేసి పెట్టండి, నవ్వకండి, టేబుల్‌కి అదురు దిగకుండా ఉండటానికి అంతకంటే చవకైనది లేదు. గదిలో ఉన్న స్టీలు బీరువా తలుపు కూడా ఒకసారి చూసుకోండి, ఆ రొద స్పీకర్‌దనుకుని రెండు రోజులు వెతికాను. మా ఊరి కొమ్ము పనివాళ్లు చేసిన కొంగ బొమ్మ ఒకటి మానిటర్ పైన అందంగా ఉంటుందని పెట్టాను, నేను ఆరో తీగ మీద పామ్ మ్యూట్ (అరచేతి అంచు ఆనించి) వాయిస్తుంటే అది మెల్లగా చివరికంటా నడిచి, ముక్కు విరగ్గొట్టుకుంది.

ఇప్పుడు వాల్యూమ్. దీనిమీద ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా పరువు పోయింది ఇక్కడే. రాత్రిళ్లు పిన్నిగారికి వినపడకుండా సన్నగా పెట్టుకుని ఒక ప్యాచ్, అంటే ప్రాసెసర్‌లో దాచుకునే సెట్టింగ్, తయారుచేశాను. బేస్ తక్కువనిపిస్తే పెంచాను, పైన మెరుపు లేదనిపిస్తే ప్రెజెన్స్ పెంచాను. ఇంట్లో తేనెలా ఉంది. ఆదివారం చర్చిలో అదే ప్యాచ్ మిక్సర్‌కి ఇచ్చి మొదటి గిటార్ కార్డు కొట్టగానే కింద దడదడ, పైన సూది. ముందు వరసలో పెద్దాయన చెవి మూసుకోవడం నేను స్టేజి మీంచి చూశాను. ప్యాచ్ మారలేదు, స్పీకర్లు కూడా బాగానే ఉన్నాయి, మారింది నా చెవి. వాల్యూమ్ తక్కువున్నప్పుడు మన చెవికి కిందివీ పైవీ తక్కువ వినపడతాయి, పెరిగేకొద్దీ అవి లేచి వస్తాయి. ఫ్లెచర్, మున్సన్ అనే ఇద్దరు 1933లోనే దీన్ని గీతలు గీసి మరీ చూపించారు. అందుకని బయట వాయించే ప్యాచ్‌ని సన్నటి వాల్యూమ్‌లో తేల్చేయకండి. పగలు ఓ పావుగంట, పక్క మనిషితో గట్టిగా మాట్లాడేంత సౌండ్‌లో పెట్టి సరిచేసుకోండి. క్యాబ్‌లో లో కట్ (కింది శబ్దాల్ని కోసేది) 80 నుంచి 100 హెర్ట్జ్ మధ్య, హై కట్ (పైవాటిని కోసేది) 6 వేల నుంచి 8 వేల మధ్య పెట్టుకుని మొదలుపెడితే సగం తలనొప్పి అక్కడే తగ్గుతుంది. ఇంట్లో ప్రాక్టీస్‌కి వేరే కాపీ ఉంచుకోండి, దాంట్లో బేస్ ఎంతైనా పెంచుకోండి మీ ఇష్టం.

ప్రాసెసర్ అవుట్‌పుట్ మరీ తక్కువ పెట్టి స్పీకర్ నాబ్ మొత్తం తిప్పేస్తే సన్నటి ఇసుక శబ్దం పెరుగుతుంది. ప్రాసెసర్‌లో ఎక్కువ, స్పీకర్‌లో తక్కువ పెట్టండి. ప్రాసెసర్‌లో అవుట్‌పుట్‌కి లైన్, ఇన్‌స్ట్రుమెంట్ అని రెండుంటే మానిటర్లకి లైన్. కొన్ని మానిటర్లు ఏమీ వాయించకపోయినా ట్వీటర్‌లోంచి స్‌స్ అంటుంటాయి, పగలు తెలియదు, రాత్రి ఫ్యాన్ ఆపితే తెలుస్తుంది, అది కొంతవరకు మామూలే. ఆన్ చేసేటప్పుడు స్పీకర్ ఆఖరున, ఆపేటప్పుడు ముందు, లేకపోతే ఢామ్మంటుంది.

గుయ్‌మనే హమ్ మాత్రం మామూలు కాదు, దాన్ని వెతకాలి. మా పాత ఇంట్లో ప్లగ్‌కి మూడు కన్నాలున్నాయి గానీ మూడోదాని వెనక వైరే లేదు. తీగల మీద చెయ్యి వేస్తే హమ్ తగ్గేది, తీస్తే పెరిగేది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఎర్త్ వేయించాకే శాంతి. ప్రాసెసర్, స్పీకర్లు, ల్యాప్‌టాప్ అన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డు మీద పెట్టండి. హమ్ పోతుందని ఎవరైనా స్పీకర్ ప్లగ్‌లో ఎర్త్ పిన్ను విరగ్గొట్టమంటే వినకండి, అది ప్రాణాలతో చెలగాటం. సింగిల్ కాయిల్ పికప్ (తీగ కదలికని పట్టే ఒంటి చుట్ట) ఉన్న గిటార్ అయితే చోక్ ఉన్న పాత ట్యూబ్‌లైట్ దగ్గరా, ఫ్యాన్ రెగ్యులేటర్ దగ్గరా అరుస్తుంది, మీరే పక్కకి తిరిగి కూర్చోండి. కరెంటు పోయినప్పుడు స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ మీద వాయిస్తే ఇంకో రకం గురక వస్తుంది, ప్యూర్ సైన్‌వేవ్ అయితే రాదు. నేనైతే ఆ టైమ్‌లో గిటార్ పక్కన పెట్టి టీ పెట్టుకుంటాను.

స్టేజి షోలు కూడా చేసేవాళ్లు మానిటర్ల బదులు ఎఫ్ఆర్ఎఫ్ఆర్ బాక్స్ తీసుకోవచ్చు. హెడ్‌రష్ 108 ఉంది, 8 అంగుళాలది, మోసుకెళ్లొచ్చు. ఇంట్లో సన్నగా వింటే మానిటరంత శుభ్రంగా ఉండదు, దెబ్బలు మాత్రం తట్టుకుంటుంది.

రాత్రి పది దాటితే హెడ్‌ఫోన్సే. మన దేశంలో 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం ఇళ్లున్న చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా హద్దు 45 డెసిబెల్స్, మనం గట్టిగా నవ్వినా దాటిపోతుంది. నాకైతే నిబంధన కంటే ముందు పిన్నిగారు గుర్తొస్తారు. ఒకరోజు పదకొండింటికి మెట్ల మీంచే "ఏటి బాబూ, ఈ ఏలప్పుడు ఎవల్ని కొడతన్నావు?" అని అరిచారు.

ఇంక విశాఖ వెళ్లి విని కొనేవాళ్లకి. మీ ప్రాసెసర్, మీ కేబుల్, మీ గిటార్ మోసుకెళ్లండి, సిగ్గుపడకండి. ఒక క్లీన్, ఒక మామూలు డ్రైవ్, ఒక బాగా గరగరలాడేది, మూడు ప్యాచ్‌లు చాలు. షాపువాళ్లు వాల్యూమ్ పెంచి వినిపిస్తారు, గట్టిగా మోగేదే చెవికి బాగుందనిపిస్తుంది, కాబట్టి రెండు స్పీకర్లని పోల్చేటప్పుడు ఫోన్లో డెసిబెల్ మీటర్ యాప్ పెట్టి రెండూ ఒకే మోతలో ఉన్నాయో లేదో చూడండి. కార్డు కొట్టి అందులో ఒక్కో తీగ విడిగా తెలుస్తోందా లేదా వినండి, మీ ఇంట్లో వాయించేంత సన్నగా కూడా పెట్టించి వినండి. సెకండ్‌హ్యాండ్ అయితే వూఫర్ అట్ట చుట్టూ ఉండే అంచుని దగ్గర్నుంచి చూడండి, మన చెమట వాతావరణానికి ఫోమ్ అంచులు పొడిపొడిగా రాలిపోతాయి.

ఆన్‌లైన్‌లో తెప్పిస్తే అట్టపెట్టెని, లోపల థర్మాకోల్‌ని రిటర్న్ గడువు అయ్యేదాకా పారేయకండి. ఆ గడువులోనే అన్ని రకాల ప్యాచ్‌లూ, పగలూ రాత్రీ వాయించి చూసేయాలి. పాతపట్నం కుర్రాడు ఒక్క 5 అంగుళాల మానిటర్‌కి ఆర్డర్ పెట్టాడు, శుక్రవారం వస్తుందట. క్యాబ్ మళ్లీ ఆన్ చేయడం మర్చిపోవద్దని మెసేజ్ పెట్టాలి.